గది గిరాకీలకు

వానలు పడి మురుగు మోరీలు రోడ్డెక్కిన వారంలోనే భూపాలపల్లి ధర్మ దవాఖానలో పిల్లల వార్డు నిండిపోయింది. బొగ్గుబావుల క్వార్టర్ల వెనక, ఊళ్లోని కొందరు వ్యాపారులు ట్రస్టు పెట్టి నడిపే చిన్న దవాఖాన అది. మంచాలు చాలక ఒక్కో మంచం మీద ఇద్దరేసి పిల్లలను పడుకోబెట్టారు. అందరికీ వాంతులు, విరేచనాలే. నల్లా నీళ్లలో మోరీ నీళ్లు కలుస్తున్నాయని ఊరందరికీ తెలుసు. ఎక్కడ కలుస్తున్నాయో మాత్రం ఎవరూ తవ్వి చూడలేదు.

నర్సు సంధ్యకు ఆ వార్డు వాసన అలవాటే. పుల్లబడిన పాలు, ఫినాయిలు, తడిబట్టలు, ఇంకా చెప్పుకోలేనివి కలిసిన వాసన. కొత్తగా చేరిన నర్సులు ముక్కుకు గుడ్డ కట్టుకునేవాళ్లు. సంధ్య ఎన్నడూ కట్టుకోలేదు. పసిపిల్ల తన ఒళ్లో విరేచనం చేసుకుంటే ముందు దాని రంగు చూసేది, నెత్తురు జీరలున్నాయేమో చూసేది, పిల్లను తుడిచి ఆరబెట్టి తల్లికి ఇచ్చాకే తన బట్టల సంగతి చూసుకునేది. "నీకు రోత పుట్టదా అక్కా?" అని ఒకసారి ఎవరో అడిగితే, "పిల్లలది రోత ఎట్లయితది?" అంది.

ఆ రోజు పొద్దున్నే చోటీ బీ తన మనవరాలు నిఖత్‌ను రెండు చేతుల మీద వేసుకుని వచ్చింది. వెనకాల కోడలు మెహనాజ్, చెప్పులు కూడా లేకుండా. నిఖత్‌కు ఇంకా ఏడాది నిండలేదు. ఏడుస్తున్నట్టు నోరు తెరుస్తోంది గానీ గొంతు రావడం లేదు, కంట్లో నీళ్లూ లేవు. కళ్లు గుంటల్లోకి పోయాయి, నడినెత్తిన మాడు లొట్ట పడింది. సంధ్య పాప పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలింది. ఆ మడత అట్లాగే నిలబడి, మెల్లమెల్లగా దిగింది.

"మూత్రం ఎప్పుడు పోసింది?"

మెహనాజ్ అత్త మొహం చూసింది. "యాదికి లేదు సిస్టర్. నిన్నట్నుంచి బట్ట తడవలే."

డాక్టర్ మధు వచ్చి చూశాడు. సెలైన్ పెట్టమని సైగ చేశాడు. నీరు ఇంకిన ఒంట్లో నరం దొరకడం కష్టం. చేతుల మీద దొరకలేదు. కాలి మడమ పక్కన సన్నటి నీలిగీత కనిపిస్తే, డాక్టరు ఊపిరి బిగబట్టి సూది ఎక్కించాడు. సంధ్య పాదాన్ని కదలకుండా పట్టుకుంది. నెత్తురు చుక్క వెనక్కి వచ్చాక ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు.

"ఇంట్ల ఏం తాపిన్రు?" సంధ్య ప్లాస్టరు వేస్తూ అడిగింది.

చోటీ బీకి ఆ ప్రశ్న నచ్చింది. తాము చేయవలసిందంతా చేశామని చెప్పుకోవడానికి ఒక సందు దొరికినట్టయింది. "ఓఆర్ఎస్ తాపినం బేటీ. ఆశా వర్కరమ్మ పొడి ప్యాకెట్లు ఇచ్చింది గానీ, గవి ముఫత్‌ల ఇచ్చేటియి, ఏం పని చేస్తయి? దుకాన్ల కొన్న మంచిది తాపినం. పిల్ల మంచిగనే తాగింది. తియ్యగుంటది కదా." సంచిలోంచి నారింజ రంగు అట్టడబ్బా ఒకటి తీసి చూపింది. పక్కకు చిన్న గొట్టం అంటించి ఉంది. డబ్బా మీద నవ్వుతున్న పసిబిడ్డ బొమ్మ, దాని కింద ఓఆర్ఎస్ అని పెద్ద అక్షరాలు.

అడుగున కొంచెం మిగిలింది. సంధ్య చేతి వేలి మీద ఒక చుక్క వేసుకుని నాలుకకు అంటించుకుంది. పెళ్లిళ్లలో పోసే రంగు షర్బతు లాగా ఉంది. ఉప్పు జాడే లేదు. అంత చక్కెర పేగుల్లోకి పోతే ఒంట్లో ఉన్న నీళ్లను కూడా లాక్కుని బయటికి తోస్తుంది. తాగినకొద్దీ విరేచనాలు పెరుగుతాయి. విరేచనాలు పెరుగుతున్నాయని తల్లి మళ్లీ ఇదే తాపుతుంది.

"ఏ దుకానం?"

"నర్సింగరావు సేటు దుకానం. మెయిన్ రోడ్డు మీద. ఆయనే చెప్పిండు, సర్కారు పొడి ఎందుకమ్మా, గిది కంపెనీది, గిది తాపు అని."

సాయంత్రానికి నిఖత్ మూత్రం పోసింది. మెహనాజ్ తడిబట్టను చేత్తో పట్టుకుని ఏడ్చింది. సంధ్య ఆమె పక్కన కూర్చుని, కాచి చల్లార్చిన నీళ్లలో పొడి ప్యాకెట్ మొత్తం కలిపి, చెంచాతో ఎట్లా పట్టాలో చూపింది. "వాంతి చేసుకుంటే భయపడకు. జరసేపు ఆగి మళ్లీ మొదలుపెట్టు. చెంచా చెంచా, నిమ్మళంగ. నీ పాలు ఆపకు. ఎవ్వలు చెప్పినా ఆపకు."

"అత్తమ్మ పాలు బంద్ పెట్టుమన్నది."

చోటీ బీ తల దించుకుని తస్బీ పూసలు తిప్పుకుంటూ కూర్చుంది.

ఆ వారంలో అదే నారింజ డబ్బా చాలామంది తల్లుల సంచుల్లో కనిపించింది. చెల్పూరు నుంచి వచ్చినవాళ్ల దగ్గరా, ఘనపూర్ పల్లెల నుంచి వచ్చినవాళ్ల దగ్గరా. అడిగితే అందరూ ఒకే దుకాణం పేరు చెప్పేవాళ్లు. చుట్టుపక్కల చిల్లర దుకాణాలకు సరుకు పంపేదీ ఆ సేటే.

నర్సింగరావు ఊళ్లో పేరున్న మనిషి. హోల్‌సేల్ వ్యాపారం, ముందు కిరాణా, పక్క గదిలో పసిపిల్లల సామాన్లు, పాలపొడులు. దవాఖాన ట్రస్టులో సభ్యుడు కూడా. వార్డు పైకప్పు ఫ్యాన్ల రెక్కల మీద ఆయన తల్లిదండ్రుల పేర్లు రాయించి ఉన్నాయి. తిరిగినప్పుడు ఆ పేర్లు కనిపించవు. కరెంటు పోయినప్పుడే చదవగలం.

డ్యూటీ దిగాక ఒక మధ్యాహ్నం సంధ్య నేరుగా ఆయన దుకాణానికి వెళ్లింది. నర్సింగరావు గల్లాపెట్టె దగ్గర కూర్చుని తమలపాకుకు సున్నం రాసుకుంటున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. స్టూలు వేయించాడు, చల్లటి నీళ్లు తెప్పించాడు. ఆమె డబ్బా చూపించి, పిల్లలకు ఏమవుతోందో చెప్పింది. నిఖత్ సంగతి చెప్పింది. చర్మం మడత వెంటనే దిగకపోవడం గురించి చెప్పింది.

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజంగానే తిరిగాయి.

"బిడ్డా, మేం చదువుకున్నోళ్లమా? కంపెనోడు ఇస్తడు, మేం అమ్ముతం. దానిల ఏముంటదో నాకేం ఎరుక? దాని మీద గట్ల రాసి ఉంటే మందే అనుకున్న. పసిపోరగాళ్ల ఉసురు నాకెందుకు?"

"ఇగ అమ్మకుండ్రి సేటు. అడిగినోళ్లకు దవాఖానకు పొమ్మని చెప్పుండ్రి. పొడి ప్యాకెట్లు ఆడ ఉత్తగనే ఇస్తం."

"చెప్త బిడ్డా. నువ్వింత దూరం నడిచొచ్చి చెప్పినవ్, వినకుంటనా?"

సంధ్యకు ఆయన మీద జాలి కలిగింది. తెలియక చేశాడు, చెబితే విన్నాడు. ఇంటికి నడుస్తూ తనను తానే మెచ్చుకుంది కూడా. కోపం తెచ్చుకోకుండా నెమ్మదిగా చెబితే మనుషులు వింటారని అనుకుంది.

మూడు నాలుగు రోజులకు నర్సింగరావు మనవడు అభినవ్‌ను అదే వార్డుకు తీసుకొచ్చారు. మూడేళ్లు నిండని పిల్లవాడు. వాడి తల్లి వినీత జనగామలో పుట్టింటికి వెళ్లి ముందురోజే తిరిగి వచ్చింది. వచ్చిన రాత్రి నుంచే పిల్లవాడికి మొదలైంది. వరంగల్‌కు పోదామని నర్సింగరావు అన్నాడట. దారిలో ఏమన్నా అయితే ఎట్లా అని వినీత పట్టుబట్టి దగ్గరలో ఉన్న దవాఖానకే తెచ్చింది. అప్పటికి నిఖత్ మంచం పక్క మంచం ఖాళీ అయింది. వాడిని అందులో పడుకోబెట్టారు.

అభినవ్ నిఖత్ అంత డీలా పడలేదు. దాహంగా ఉంది, చిరాకుగా ఉంది, కళ్లు కొంచెం లోపలికి పోయాయి. నోటి ద్వారా తాపితే చాలన్నాడు డాక్టర్ మధు. సంధ్య పిల్లవాడి వాంతి ట్రేలో పట్టి, పొడి కలపడానికి బయలుదేరేలోపు వినీత తమ సంచి విప్పి ఒక నారింజ డబ్బా తీసింది. దుకాణం నుంచి తనే తెచ్చుకున్నట్టుంది. గొట్టం గుచ్చి పిల్లవాడి పెదాల దగ్గర పెట్టబోయింది.

నర్సింగరావు మంచం అవతలి నుంచి చెయ్యి చాపి ఆ డబ్బా లాక్కున్నాడు. గొట్టంలోంచి జిగటగా నాలుగు చుక్కలు దుప్పటి మీద పడ్డాయి.

"గిదెందుకు తెచ్చినవ్? గది మనోనికి కాదు. గది గిరాకీలకు." గొంతు తగ్గించాడు గానీ మరీ అంత తగ్గించలేదు. "ఉత్త చక్కెర నీళ్లు. మోషన్లు ఇంకింత ఎక్కువైతయి. సిస్టర్ సర్కారు పొడి కలుపుకొస్తది, గదే తాపు."

అప్పటికి సంధ్య అభినవ్ వాంతి పట్టిన ట్రే ఎడమ చేతిలో పట్టుకుని నర్సింగరావు వెనకాలే నిలబడి ఉంది.

ఇన్నేళ్లలో మొదటిసారి ఆ వార్డులో ఆమెకు రోత పుట్టింది. చేతిలోని ట్రే వల్ల కాదు. దానిలో ఉన్నది పసివాడి పేగుల్లోంచి వచ్చినది, దానికి ఒక కారణముంది, దాన్ని కడిగితే పోతుంది. ఎదురుగా ఉన్న మనిషి తెల్లటి లాల్చీ, నుదుటి మీద చక్కగా దిద్దిన బొట్టు, పాన్ వాసన, మనవడి తల నిమురుతున్న లావుపాటి వేళ్లు, ఇవే ఆమెకు వెగటు పుట్టించాయి. దుకాణంలో తిరిగిన కన్నీళ్లు గుర్తొచ్చాయి. ఆ కన్నీళ్లను నమ్మి, తనను తాను మెచ్చుకుంటూ ఇంటికి నడిచిన తన మీద కూడా వెగటు వేసింది.

ట్రే కడిగి తిరిగొచ్చేసరికి నర్సింగరావు వరండాలోకి వచ్చాడు. ఆమె ఎదురుగా ఆగింది.

"నాకేం ఎరుక అన్నరు సేటు మొన్న."

ఆయన తడబడలేదు. నవ్వాడు. ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు చనువుగా అన్నాడు. "యాపారం వేరు, ఇల్లు వేరు బిడ్డా. తినుబండారాల దుకానపోడు అన్నీ తన పిల్లలకు పెడ్తడా? అడిగినోళ్లకు అమ్ముతం. నేను అమ్మకుంటే ఇంకోడు అమ్ముతడు. నువ్వు మావోన్ని మంచిగ చూస్కో."

ఆమె చూసుకుంది. చేతులకు పగ ఉండదు. వాటికి పని తెలుసు. పిల్లవాడికి చెంచాతో పట్టింది, వాంతి చేసుకుంటే ఆగి మళ్లీ పట్టింది, విరేచనాలతో ఒరుసుకుపోయిన చోట మెత్తటి గుడ్డతో అద్ది కొబ్బరినూనె రాసింది, జింక్ బిళ్లను చెంచాలో కరిగించి ఇచ్చింది. వాడు కొంచెం తేరుకుని ఆమె మెడలోని గొలుసు పట్టుకుని లాగితే నవ్వింది. కానీ ఆ రోజు మధ్యాహ్నం తెచ్చుకున్న అన్నం డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేసింది.

డబ్బా లాక్కుంటూ నర్సింగరావు అన్న మాట పక్క మంచం చోటీ బీ, మెహనాజ్ వినలేదు. ఆ సమయానికి నిఖత్‌ను ఎత్తుకుని బయట చెట్టు కింద తిప్పుతున్నారు. వినీత మాత్రం మరిచిపోలేదు. ఆ తర్వాత రెండు రోజులూ ఆమె మామతో మాట్లాడటం సంధ్య చూడలేదు. ఆయన తెచ్చిన క్యారేజీ కూడా విప్పకుండా మంచం కింద పెట్టేది. ఒకసారి మాత్రం నిఖత్‌ను చూస్తూ, "ఈ పాపకు ఏం తాపిన్రంట అక్కా?" అని సంధ్యను అడిగింది. సంధ్య చెప్పింది.

ఇద్దరు పిల్లలూ కోలుకున్నారు. నిఖత్ ఆకలికి గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది. ఆ ఏడుపు వినడానికి చోటీ బీ కావాలనే పాలివ్వడం ఒక నిమిషం ఆలస్యం చేయించేది, మెహనాజ్ విసుక్కునేది. అభినవ్ మంచాల మధ్య పరుగెత్తి తల్లిని అలసిపోయేట్టు చేశాడు. ఇద్దరినీ ఒకే రోజు ఇంటికి పంపుదామన్నాడు డాక్టర్ మధు.

ఆ రోజు పదకొండు గంటల వేళ దవాఖాన ముందు ఒక ఆటో ట్రాలీ ఆగింది. దాన్నిండా నారింజ డబ్బాల అట్టపెట్టెలు. వెనకాల నర్సింగరావు, ట్రస్టు పెద్దలు ఇద్దరు, ఫొటోలు తీసేవాడు ఒకడు. ఒక బ్యానరు కూడా ఉంది. మనవడు కోలుకున్న సందర్భంగా వార్డులోని పేద పిల్లలకు ఓఆర్ఎస్ పంపిణీ అని దాని మీద రాసి ఉంది.

సంధ్య డాక్టరు గదిలోకి వెళ్లింది. మధు అప్పటికే తెల్లకోటు వేసుకుని తల దువ్వుకుంటున్నాడు. ఆమె ఏం చెప్పబోతోందో ఆయనకు తెలుసు.

"నాకు తెల్వదా సంధ్యా. చక్కెర నీళ్లే. కానీ ఆయన ట్రస్టు మెంబరు. నీళ్లు శుభ్రం చేసే మిషను పెట్టిస్తా అంటుండు, మనకు గది ఎంత అవసరమో నీకు ఎరుకే. ఒక ఫొటో దిగుదాం. ఆయన పోయినంక పెట్టెలన్నీ స్టోర్ల పడేద్దాం. ఒక్క పిల్లకు గూడ తాపనియ్యను."

"తల్లులు చూస్తరు కదా సార్. మీరు మీ చేతులతోటి ఇస్తుంటే చూస్తరు. రేపటి సంది ఇంకా ఎక్కువ కొంటరు. డాక్టర్ సారే ఇచ్చిండు అంటరు."

మధు దువ్వెన జేబులో పెట్టుకున్నాడు. బయటికి నడిచాడు. ఆయన చెడ్డవాడు కాదు. నిఖత్ కాలికి సూది ఎక్కిస్తున్నప్పుడు ఆయన నుదుటి మీద చెమట సంధ్య చూసింది. అందుకే ఆ తెల్లకోటు వెంట నడుస్తుంటే ఆమెకు మరింత ఒళ్లు మండింది.

వార్డులో బ్యానరు కట్టారు. తల్లులను పిల్లలతో సహా మంచాల మీద సర్దుకుని కూర్చోమన్నారు. నర్సింగరావు తొలి డబ్బా తీసుకుని నిఖత్ మంచం దగ్గరికి వచ్చాడు. గొట్టం తనే గుచ్చి డబ్బాను మెహనాజ్ చేతిలో పెట్టాడు. "జర తాపు బిడ్డా. పిల్ల తాగుతున్నట్టు ఫొటో పడాలె." డాక్టర్ మధు పక్కనే నిలబడ్డాడు. ఫొటో తీసేవాడు వంగాడు. మెహనాజ్ సంధ్య వైపు చూసింది. ఇదే కదా తాపొద్దన్నావు అన్నట్టున్నాయి ఆ కళ్లు. డాక్టరు వైపు చూసింది. ఆయన గోడ వైపు చూస్తున్నాడు. మెహనాజ్ గొట్టాన్ని పాప పెదాల దగ్గరికి తెచ్చింది.

సంధ్య ముందుకు వచ్చి ఆమె చేతిలోంచి డబ్బా తీసుకుంది. ఫొటో తీసేవాడు అడ్డు తప్పుకోమన్నాడు. ఆమె తప్పుకోలేదు. డబ్బాను నర్సింగరావుకు అందించింది.

"ముందుగాల మీ మనుమనికి తాపుండ్రి సేటు. గాడనే ఉన్నడు. వాడు తాగినంక ఈ పిల్లలందరికీ నేనే తాపుత."

అభినవ్ తల్లి చంక నుంచి చెయ్యి చాపి, "తాత, నాక్కావాలె" అన్నాడు. తీపి వాడికి ఇష్టమే.

నర్సింగరావు డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. ఇవ్వలేదు, దించలేదు. "వాడు ఇప్పుడే పాలు తాగిండు," అన్నాడు చివరికి.

"లేదు," అంది వినీత. "వాడు పొద్దట్నుంచి ఏం తాగలే. మామయ్యా, మీరే కదా వద్దన్నది. గది మనోనికి కాదు, గిరాకీలకు అన్నరు. ఉత్త చక్కెర నీళ్లు, మోషన్లు ఎక్కువైతయని నా చేతులకెళ్లి గుంజుకున్నరు. ఈ మంచం మీదనే."

"ఏదో మాటవరుసకు అన్న. ఇంటి ముచ్చట్లు ఈడెందుకు?" నవ్వడానికి చూశాడు. నోటి చివర పాన్ ఎరుపు కనబడింది.

చోటీ బీ మంచం దిగింది. ఆమె గొంతు పెంచలేదు. నమాజు చాప మీద కూర్చున్నట్టు నెమ్మదిగా మాట్లాడింది. "సేటూ. పిల్ల కండ్లు లోపటికి పోయినయని నీ దుకానానికే మళ్ల ఉరికొచ్చిన. తాపినకొద్ది ఎక్కువైతుంది సేటూ అని చెప్పిన. యాదికున్నదా? ఇంకోటి తాపు, ఒకటి సరిపోదు, అన్నవ్. నా మొఖం చూస్కుంటనే అన్నవ్. నీకు ఎరుకుండి అన్నవా?"

నర్సింగరావు డాక్టరు వైపు చూశాడు.

"ఎరుకుండి అన్నవా?" మళ్లీ అడిగింది.

నర్సింగరావు చుట్టూ చూశాడు. పెద్దమనుషులిద్దరూ అప్పటికే తలుపు దగ్గరికి జరిగారు. మంచాల మీద తల్లులు పిల్లలను ఒళ్లోకి దగ్గరగా లాక్కుని ఆయన్ని చూస్తున్నారు. మురికి కాలువ పక్కన కూర్చోవలసి వచ్చినప్పుడు మనుషులు ఒళ్లు ముడుచుకుంటారే, అట్లా ముడుచుకుని చూస్తున్నారు. చెల్పూరు నుంచి వచ్చిన ఒక తల్లి తన దిండు పక్కన పెట్టిన డబ్బాను రెండు వేళ్లతో పట్టి కిటికీలోంచి బయట పడేసింది. ఆయన చేతిలోని డబ్బా గొట్టం నుంచి రంగునీళ్లు మణికట్టు మీదికి, బంగారు గొలుసు గడియారం మీదికి కారాయి. ఆయన దాన్ని లాల్చీకి తుడుచుకున్నాడు. తెల్లటి లాల్చీ మీద నారింజ మరక పడింది.

"డాక్టర్ సాబ్, మీ నర్సుకు బుద్ధి చెప్పుకోండ్రి," అని బయటికి నడిచాడు.

డాక్టర్ మధు వెళ్లి బ్యానరు తాడు తనే విప్పాడు. ముడి గట్టిగా పడింది, చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం పోలేదు. పెట్టెలు మళ్లీ ట్రాలీ ఎక్కించారు.

ఆ మధ్యాహ్నమే మధు ఒక తెల్లకాగితం మీద తన సంతకంతో రాసి వార్డు తలుపుకు అంటించాడు. పొడి ప్యాకెట్ ఒక్కటే మందు, దుకాణంలో దొరికే తీపి డబ్బాలు విరేచనాలను పెంచుతాయి, పిల్లలకు తాపవద్దు అని. సంధ్య దాన్ని చదివింది. మంచి పనే. పొద్దున చేసి ఉంటే ఇంకా మంచిదని ఆయనతోనే అంది. "నిజమే," అన్నాడాయన.

తర్వాత జరిగింది పెద్దగా చెప్పుకునేది కాదు. మధు పైవాళ్లకు ఫిర్యాదు పంపాడు. అధికారి ఎవరో వచ్చి దుకాణంలో రెండు డబ్బాలు పరీక్షకని తీసుకుని పోయారు. తిరిగి వార్త రాలేదు. ట్రస్టువాళ్లు కూర్చుని, దాతను అవమానించిందని సంధ్యను ఘనపూర్‌లో తాము నడిపే చిన్న క్లినిక్‌కు మార్చారు. నీళ్ల మిషను రాలేదు. నర్సింగరావు నారింజ డబ్బాలను దుకాణం ముందు నుంచి తీసి లోపలి అలమారలో పెట్టించాడు. అడిగినవాళ్లకు తీసి ఇచ్చేవాడు. క్వార్టర్ల వైపు మాత్రం చోటీ బీ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. తను చేసిన తప్పు కూడా దాచుకోకుండా, పొడి ప్యాకెట్లను ఉత్త పొడి అనుకుని గూట్లో పడేశానని చెప్పేది. ఆ వీధుల్లో ఆడవాళ్లు ఆయన దుకాణంలో ఉప్పు కూడా కొనడం మానేశారు.

వినీత ఒకసారి ఘనపూర్ వచ్చింది. అభినవ్‌కు జలుబు, కొద్దిగా జ్వరం. ఊరికే అంత దూరం ఎందుకు వచ్చావని సంధ్య అడగలేదు. పిల్లవాడి ఊపిరి లెక్కపెట్టి, డొక్కలు ఎగరడం లేదని చూసి, ముక్కులో ఉప్పునీళ్ల చుక్కలు వేసింది. వాడు తుమ్మి ఇద్దరి మీదా చీమిడి చల్లాడు. ఇద్దరూ నవ్వారు.

"ఇంట్ల కూసుంటే అన్నం ముద్ద దిగుతలేదక్కా," అంది వినీత, కొంగుతో పిల్లవాడి ముక్కు తుడుస్తూ. "అదే గల్లాపెట్టె పైసలతోటి వచ్చిన బియ్యం కదా అనిపిస్తది. మా ఆయనకు చెప్తే, నాయినను అంత మాట ఎట్లంటవ్ అంటడు. మామయ్యేమో నాతోటి మంచిగనే ఉంటుండు. బిడ్డా బిడ్డా అనుకుంట. గదే ఇంకా రోత." పిల్లవాడిని చంకనేసుకుంది. "జనగామ పోతున్న. మా అమ్మ దగ్గర కొన్నాళ్లుండి, బీఫార్మసీ ఆపేసిన కాడి సంది మళ్ల చదువుకుంట. మా ఆయన వస్తే వస్తడు."

"పిలగాన్ని?"

"నాతోటే."

ఆమె వెళ్లిపోయాక కొద్దిరోజులకు, జీతం పని మీద సంధ్య భూపాలపల్లి వచ్చి బస్టాండులో నిలబడింది. వాన అప్పుడే వెలిసింది. కారు ఒకటి ఆమె ముందు ఆగింది. అద్దం దిగింది. నర్సింగరావు. ఎప్పటిలాగే తెల్లటి లాల్చీ, దిద్దిన బొట్టు. మొహంలో కోపం లేదు, సిగ్గు లేదు, ఏమీ లేదు.

"బాగున్నవా బిడ్డా? ఘనపూర్‌కేనా? ఎక్కు, మేం గూడ గటే పోతున్నం. మళ్ల వాన పడ్తది, ఎందుకు నిలబడుడు?" చెయ్యి చాపి వెనక తలుపు తనే తెరిచాడు. నిజంగానే ఎక్కించుకునే ఉద్దేశం ఉంది ఆయనకు. అంతా మరిచిపోయాడు. మరిచిపోవడానికి ఆయనకు ఏ కష్టమూ కలగలేదని ఆ మొహం చూస్తే తెలిసిపోయింది.

సంధ్య రెండడుగులు వెనక్కి వేసింది. చెప్పు మోరీ నీళ్లలో పడింది. మడమ దాకా నల్లటి బురద. ఆమె కాలు తీయలేదు. తెరిచిన ఆ తలుపు వైపు, మెత్తటి సీటు వైపు చూస్తూ అట్లాగే నిలబడింది, ఆయన విసుగొచ్చి తలుపు వేసుకుని వెళ్లిపోయేదాకా.